రైమింగ్ వర్డ్స్, ప్రాస, పని గిని: ఈ మూడింటికీ చుట్టరికం ఉంది

మహారాష్ట్రలోని దెగ్లూరు నుంచి ఒక చెల్లెమ్మ అడిగిన ప్రశ్న ఇది: "మా పాప మరాఠీ మీడియంలో మూడో తరగతి. ఇంగ్లీషు మేడమ్ రైమింగ్ వర్డ్స్ చెప్పి, మీ ఇంటి భాషలో కూడా ఐదు జతలు రాసుకురమ్మంది. నేను బడి–గుడి, బల్ల–పిల్ల రాయించాను. మా అత్తమ్మ చూసి ఇవి ప్రాస కాదు, ప్రాస అంటే పద్యంలో రెండో అక్షరం అంటుంది. మా ఆయన మాత్రం చాయ్ గీయ్, పని గిని కూడా రైమింగే కదా, అవే రాసెయ్ అంటాడు. ఎవరి మాట కరెక్టు? అసలు ఈ గీయ్, గిని అనే వాటికి అర్థమేమైనా ఉందా?"

ధర్మాబాద్‌లో మరాఠీ బడికి వెళ్ళే మన పిల్లలకు చాలా ఏళ్ళుగా సాయంత్రాలు తెలుగు చెబుతున్నాను. ఈ తికమక ఏటా ఏదో ఒక ఇంట్లో వస్తూనే ఉంటుంది. కాస్త వివరంగానే చెబుతాను.

ముందు మీ అత్తమ్మ సంగతి. ఆమె చెప్పిన నిర్వచనం నూటికి నూరుపాళ్ళూ సరైనదే. కానీ ఆ నిర్వచనంతో చూస్తే మీరు రాయించిన రెండు జతలూ ప్రాసే! ఇంకా విచిత్రం ఏమిటంటే, ఇంగ్లీషు లెక్కలో చూస్తే ఆ రెండూ సరిపడవు. క్యాట్–బ్యాట్ కలుస్తాయి, బ్యాట్–బిట్ కలవవు. ఇంగ్లీషు రైములో చివరి హల్లు ఒకటే అయితే చాలదు, దాని ముందున్న అచ్చు కూడా ఒకటే కావాలి. బడి, గుడి మాటల్లో 'డి' ఒకటే గానీ దాని ముందు ఒకచోట అకారం, ఇంకోచోట ఉకారం ఉన్నాయి. బల్ల–పిల్ల కూడా అంతే. ఇంగ్లీషు పద్ధతికి అచ్చంగా సరిపోయేవి బడి–తడి–మడి, బల్ల–నల్ల లాంటివి.

మరి మన చెవికి బడి–గుడి అంత హాయిగా ఎందుకు వినిపిస్తాయి? మన చెవి ప్రాసకు అలవాటు పడిన చెవి కాబట్టి.

ప్రాస నియమం చిన్నదే. పద్యంలో ప్రతి పాదానికీ రెండో అక్షరంలోని హల్లు ఒకటే ఉండాలి. దాని మీద అచ్చు మారినా ఫర్వాలేదు. అది జంట అక్షరమైతే అన్ని పాదాల్లోనూ అదే జంట అక్షరం రావాలి. ఇంకో షరతు చాలామంది మరిచిపోతారు. మొదటి అక్షరం ఒక పాదంలో గురువైతే (పొడుగుగా పలికేదైతే) అన్నిట్లోనూ గురువే, లఘువైతే (పొట్టిగా పలికేదైతే) అన్నిట్లోనూ లఘువే కావాలి. మీ అత్తమ్మకు తప్పకుండా వచ్చే ఉంటుంది, 'అక్కరకు రాని చుట్టము' పద్యం ఒకసారి చెప్పమనండి. అక్క, మ్రొక్క, నెక్క, గ్రక్క అని నాలుగు పాదాలకూ రెండో అక్షరం 'క్క' పడుతూ పోతుంది. అది కంద పద్యం కాబట్టి ప్రాస తప్పనిసరి. ఆటవెలదికి, తేటగీతికి, సీసానికి ఆ నిర్బంధం లేదు.

పాదం చివర కలిపేదాన్ని అంత్యప్రాస అంటాం. ఇంగ్లీషు రైముకు దగ్గరిది అదే. మన పాతవాళ్ళు దాన్ని తప్పనిసరి చేయకుండా ప్రాసను పాదం మొదట్లో పెట్టడానికి కారణం, నాకు తోచినంతవరకు, మన వాక్యంలోనే ఉంది. తెలుగులో క్రియ చివర వస్తుంది. వచ్చాడు, తెచ్చాడు, పోయాడు, పడుకున్నాడు, ఇలాంటి ఏ రెండు వాక్యాలు తీసుకున్నా చివర 'డు' దానంతటదే కలుస్తుంది. శ్రమ లేకుండా వచ్చేదాంట్లో అందమేముంది? వాట్సాప్‌లో పొద్దున్నే వచ్చే కవితలు చూడండి, పది లైన్లూ 'ది'తో ముగుస్తాయి, ప్రాస కుదిరిందని రాసినవాళ్ళు మురిసిపోతారు.

మహారాష్ట్ర–తెలంగాణ సరిహద్దు ఇళ్ళకు ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి ఉంది. మరాఠీ బడిలో రైమింగ్ వర్డ్స్‌ను 'యమక్ జుళణారే శబ్ద' అని నేర్పుతారు. పాన్–కాన్ లాంటివన్న మాట. పాప ఇంటికొచ్చి 'యమకం' రాయాలి అంటే, తెలుగు వ్యాకరణం తెలిసిన తాతయ్య వేరేది చెబుతాడు. తెలుగులో యమకం అంటే అవే అక్షరాల గుంపు వేరే అర్థంతో మళ్ళీ రావడం. పోతన 'లేమా! దనుజుల గెలువఁగ లేమా' అన్నాడే, అక్కడ మొదటి లేమ ఆడమనిషి, రెండోది గెలవలేమా అన్న ప్రశ్న. రెండు భాషల్లోనూ మాట ఒకటే, వాడుక వేరు. సిరోంచ నుంచి దెగ్లూరు దాకా సరిహద్దు పొడవునా పిల్లలు ఇలాంటివి ఎదుర్కొంటారు. పాపకు ఒక్కసారి చెబితే సరిపోతుంది, దీని మీద ఎక్కువ టెన్షన్ పడక్కర్లేదు.

ఇప్పుడు అసలు సరుకులోకి వద్దాం. ప్రాస పద్యాల్లోనే ఉందనుకుంటే పొరపాటు. పద్యం ముఖం చూడనివాళ్ళ నోట కూడా అది పొద్దస్తమానం ఆడుతూనే ఉంటుంది.

సామెతలు చూడండి. 'మాటలు కోటలు దాటుతాయి' అన్నదాంట్లో మూడు మాటలకూ రెండో అక్షరం 'ట', మూడింటికీ మొదటిది దీర్ఘం. ఏ కవీ దగ్గర కూర్చుని దిద్దలేదు. 'నిండు కుండ తొణకదు', 'నోరు మంచిదైతే ఊరు మంచిది', 'అప్పు చేసి పప్పు కూడు' అన్నీ ఆ బాపతే. ఆడపిల్లలు చేతులు పట్టుకుని గిర్రున తిరుగుతూ పాడే 'ఒప్పుల కుప్పా వయ్యారి భామా, సన్న బియ్యం చాయపప్పు' వినండి. ఒప్పు, కుప్ప, పప్పు. తిరిగే తిరుగుడుకు ఆ 'ప్ప' తాళం వేస్తుంది.

తర్వాత జంట మాటలు. అండ దండ, తోడు నీడ, ఆట పాట, ఊరు పేరు, తట్టా బుట్టా, సందు గొందు, కష్టం నష్టం. వీటన్నిట్లో రెండో అక్షరం కలిసింది. అంటే ప్రాస. ఇంకో గుంపు ఉంది: చెట్టూ చేమా, కొండా కోనా, వాగూ వంకా, రాళ్ళూ రప్పలూ, పొలం పుట్రా, ముసలీ ముతకా. వీటిలో కలిసింది మొదటి అక్షరం. పద్యంలో దీన్ని యతి అంటారు. చదువూ సంధ్యా అనే జంట నాకు మరీ ఇష్టం. చకారం, సకారం వేర్వేరు అక్షరాలు కదా అనిపిస్తుంది, కానీ ఛందస్సులో చ, జ, శ, ష, స వర్ణాలకు యతి మైత్రి చెల్లుతుంది. బడి మొహం చూడని అవ్వ 'వీడికి చదువూ సంధ్యా లేదు' అని మనవణ్ణి తిట్టినప్పుడు యతి తప్పలేదన్న మాట.

ఈ జంటల్లో కొన్నిటికి రెండో మాటకు ఈ రోజు విడిగా అర్థం చెప్పలేం. పుట్ర అంటే ఏమిటి, కూలీ నాలీలో నాలి ఏమిటి అని పిల్లలు అడిగితే పెద్దలు నవ్వి ఊరుకుంటారు. విడదీస్తే పలకవు, కలిపితే పలుకుతాయి. వరస కూడా మార్చకూడదు. బుట్టా తట్టా సర్దుకుని పొమ్మంటే ఎవరూ కదలరు. అర్థం సంగతికొస్తే, జంట మాట ఒక మొత్తాన్ని చెబుతుంది. 'పిల్లా పాపా బాగున్నారా?' అంటే ఇంట్లో అందరూ అని. 'ఊరూ పేరూ లేనివాడు' అంటే ఆచూకీ బొత్తిగా లేనివాడని.

ఇక మీ ఆయన పట్టుకున్న చాయ్ గీయ్, పని గిని. వీటిని ప్రతిధ్వని మాటలు అనవచ్చు. తయారీ సులువు. మాటలోని మొదటి అక్షరం తీసేసి దాని చోట 'గి' పెట్టాలి, ఆ అక్షరం దీర్ఘమైతే 'గీ' పెట్టాలి. తక్కినదంతా అలాగే. పుస్తకం గిస్తకం, డబ్బు గిబ్బు, పండు గిండు, ఇల్లు గిల్లు, పాలు గీలు, ఊరు గీరు, కోపం గీపం. నిన్నగాక మొన్న వచ్చిన మాటలకు కూడా ఇదే తంతు: బస్సు గిస్సు, ఫోను గీను, టెన్షన్ గిన్షన్.

ఒక్క క్షణం ఆగి ఈ నియమాన్ని మళ్ళీ చదవండి. రెండో అక్షరం నుంచి మారదు. మొదటి అక్షరం పొట్టిదైతే పొట్టిది, పొడుగుదైతే పొడుగుది. ప్రాసకు పైన చెప్పిన రెండు షరతులూ ఇవే! కందం రాయడానికి పండితులు లెక్కలు కట్టుకునేదాన్ని, మిరపకాయలు తూకం వేసే మనిషి రోజూ నోటితో చేసేస్తున్నాడు. అందుకే మీ అత్తమ్మ ప్రాసకు, మీ ఆయన గిని గోలకు చుట్టరికం ఉందన్నాను.

అక్కడక్కడా ఇది మొరాయిస్తుంది. గిన్నె, గిరాకీ లాంటి మాటలకు ముందే గి ఉంది, ఇంకేం పెడతాం? అప్పుడు మనవాళ్ళు గిన్నెలూ తపేలాలూ అని పక్క దారి పడతారు.

మా ధర్మాబాద్ మిరప మార్కెట్‌లో సీజన్లో ఒక పూట కూర్చుంటే దీని ఉపయోగాలన్నీ తెలుస్తాయి. అడ్తి దుకాణం ముందు రైతు నిలబడి ఉంటాడు. "బిల్లు గిల్లు తర్వాత, పైసలు ఎప్పుడిస్తవ్ సేటూ?" సేటు కళ్ళజోడు పైకి తోసి, "ఆగు పటేలా, ముందు చాయ్ గీయ్ తాగు. లెక్క గిక్క అయినంక మాట్లాడుదం" అంటాడు. రైతు నోట 'బిల్లు గిల్లు' చులకన: నీ కాగితం నాకెందుకు అని. సేటు నోట 'చాయ్ గీయ్' మర్యాద: చాయ్ కాకపోతే ఇంకేదైనా, నీ ఇష్టం అని. మూడోది, 'లెక్క గిక్క', తెలివి. ఎంత లెక్క, ఎంతసేపు లెక్క అనేది తేల్చకుండా పొద్దు గడిపే తెలివి. ఒకటే అచ్చులో పోసిన మూడు మాటలు, మూడు పనులు చేశాయి.

ఈలోపు మరాఠీ హమాలీ పక్కనుంచి "ఆధీ చహా బిహా ఘ్యా" అంటాడు. లారీ డ్రైవర్ దక్కనీలో "చాయ్ వాయ్ పియో భాయ్" అంటాడు. 1956 నవంబర్ 1 దాకా మా నాందేడ్ జిల్లా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది కాబట్టి, తెలుగు, మరాఠీ, దక్కనీ మా బజారులో ఒకే బెంచీ మీద కూర్చోవడం పాత అలవాటే. మనది గి, మరాఠీది బి, హిందీ దక్కనీలది వ. కన్నడంలో కూడా గి: ఊట గీట అంటారు. ఎమెనో లాంటి భాషావేత్తలు ఈ లక్షణాన్ని భారతదేశంలో వేర్వేరు కుటుంబాల భాషలకు ఉమ్మడిగా ఉన్న లక్షణాల్లో ఒకటిగా చూశారు.

ఉమ్మడిదే గానీ ఎవరి పోకడ వాళ్ళది. హిందీవాళ్ళు హల్లును మాత్రమే మారుస్తారు, అచ్చును ముట్టరు: చాయ్–వాయ్, పానీ–వానీ. అది అచ్చం ఇంగ్లీషు రైము పద్ధతి. మరాఠీవాళ్ళు అచ్చును కూడా మారుస్తారు, పైగా పొడుగు అక్షరం చోట కూడా పొట్టి 'బి' పెడతారు: పాణీ–బిణీ, కామ్–బిమ్. మనం అచ్చు మార్చినా కొలత కాపాడతాం: పాలు–గీలు. మా దగ్గర చదివే కొందరు పిల్లలు ఇంట్లో 'పాలు బిలు' అంటుంటారు. నేను కోప్పడను. రెండు భాషల మధ్య పెరిగే నోరు అలాగే ఉంటుంది. ఎక్కడ ఏది ఏ భాషదో తెలిస్తే చాలు.

ఇంకో సంగతి, మన వైపు 'గిట' ఉందిగా. "చాయ్ గిట తాగుతవా?", "పుస్తకం గిట తెచ్చినవా?" గీయ్ చేసే పనే ఇదీ చేస్తుంది, కానీ చులకన అంటదు. కొత్త చుట్టాన్ని అడగాలంటే గీయ్ కన్నా గిట మేలని నా అభిప్రాయం.

గి మాటలకు ఏ వాక్యాలు నప్పుతాయో కూడా చూడాలి. ప్రశ్నలో నప్పుతుంది: "పని గిని ఉందా?" కాదనడంలో నప్పుతుంది: "పెళ్ళీ లేదు, గిళ్ళీ లేదు." జాగ్రత్త చెప్పేటప్పుడు మరీ బాగుంటుంది: "గడ్డిలో పాము గీము ఉంటది, చూసి నడువు." క్రియలకూ వస్తుంది: "పడితే గిడితే ఎవరు చూస్తారు?", "వాన వస్తే గిస్తే మిరప తడుస్తుంది." కానీ "నిన్న నేను పాము గీము చూశాను" అంటే ఎబ్బెట్టుగా ఉంటుంది. చూసింది పాము అయితే పామే, గీము ఎక్కడిది? కచ్చితంగా జరిగినదానికి గి నప్పదు. ఇంకా తేలనిదానికి, లేనిదానికి, జరగొచ్చేమో అన్న భయానికి నప్పుతుంది.

జంట మాటకు, గి మాటకు ఉన్న తేడా తెలియకపోతే ఇబ్బంది పడతారు. పెళ్ళిచూపుల్లో ఒక పెద్దమనిషి అబ్బాయి తరఫువాళ్ళను "పొలం పుట్రా ఏమాత్రం ఉందండీ?" అని అడిగితే సంభాషణ సాగుతుంది. అదే మనిషి "భూమి గీమి ఉందా?" అంటే అవతలివాళ్ళ మొహాలు మాడతాయి. 'పిల్లా పాపా ఎలా ఉన్నారు?' అనేది పలకరింపు, 'పిల్లలు గిల్లలు ఉన్నారా?' అనేది దెప్పిపొడుపు. పెద్దల పేర్లకు, దేవుడి పేర్లకు, చావు పలకరింపుల్లో, అర్జీ కాగితంలో గి తగిలించకూడదు. తోటివాళ్ళ మధ్య, ఇంట్లో, బజారులో వాడుకోవచ్చు. కోపంలో 'సారూ లేడు గీరూ లేడు' అన్నవాడు ఏ ఉద్దేశంతో అన్నాడో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు కదా.

పాపకు నేర్పే పద్ధతి ఒకటి చెబుతాను. జాబితాలు బట్టీ పట్టించొద్దు. రొట్టెలు చేస్తూ ఒక మాట అనండి: అప్పు. పాపను అందుకోమనండి: పప్పు, ఉప్పు, నిప్పు, చెప్పు, ముప్పు, కప్పు, మెప్పు, డప్పు, తప్పు. నాయనమ్మ కూడా ఆటలోకి వస్తుంది, చూడండి. ఇవన్నీ ప్రాస కుటుంబం. తర్వాత ఇంగ్లీషు మేడమ్ లెక్కలో వీటిని విడదీయమనండి: అప్పు, పప్పు, కప్పు, డప్పు, తప్పు ఒక గుంపు. ఉప్పు, ముప్పు ఇంకో గుంపు. చెప్పు, మెప్పు మరొకటి. నిప్పుకు జత ఏమిటో పాపే వెతకాలి, విప్పు అని దానికే తడుతుంది. ఈ ఒక్క ఆటతో రెండు పద్ధతులూ వచ్చేస్తాయి. ఇంగ్లీషు రైములకు స్పెల్లింగ్ చూడొద్దని కూడా చెప్పండి. కట్, పుట్ మాటలకు రాత ఒకేలా ఉన్నా పలుకు కలవదు. టూ, బ్లూ, షూ మాటలకు రాత వేరైనా పలుకు కలుస్తుంది. తెలుగు లిపి వచ్చిన పిల్లలకు ఇది సులువు, విన్నది విన్నట్టు తెలుగులో రాసుకుని చూస్తే తెలిసిపోతుంది.

ఇక నోట్‌బుక్ సంగతి. మీ ఆయన చెప్పిన చాయ్ గీయ్ రాయించకండి. గీయ్, గిని విడిగా మాటలు కావు, రైమింగ్ వర్డ్స్ అంటే రెండూ అర్థమున్న మాటలే ఉండాలని బడిలో ఆశిస్తారు. బడి–గుడి, బల్ల–పిల్ల కొట్టేయక్కర్లేదు, వాటి పక్కన 'ప్రాస' అని రాయించండి, అత్తమ్మకూ సంతోషం. కింద మేడమ్ అడిగిన ఐదు జతలకు మాట–పాట, కుక్క–ముక్క, నేను–చేను, అండ–దండ, పప్పు–కప్పు రాయించండి. మేడమ్‌కు తెలుగు రాకపోతే పాపను పైకి చదవమనండి. జత కలిసిందో లేదో వింటే చాలు, ఆమెకు తెలిసిపోతుంది.